జెల్డా కత్తిరించిన కుటుంబం

స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ గురించి మాట్లాడుకునేటప్పుడు అతని భార్య జెల్డా పేరు సాధారణంగా రెండు చోట్ల వస్తుంది. ఒకటి, అతని నాయికలకు నమూనాగా. రెండు, మానసిక వైద్యశాలల్లో గడిచిపోయిన జీవితంగా. ఈ రెండింటి మధ్య ఆమె చేసిన ఒక పని చాలామంది కంట పడదు. 1927 ప్రాంతంలో, కూతురు స్కాటీకి ఐదారేళ్ళ వయసులో, జెల్డా కాగితం బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. అట్ట మీద రంగులతో వేసి కత్తిరించిన ఆ బొమ్మల్లో వాళ్ళ ముగ్గురూ ఉన్నారు: నాన్న, అమ్మ, పాప. ఒక్కొక్కరికీ మార్చి మార్చి తొడగడానికి బోలెడన్ని బట్టలు.

ఇది అమ్మలు ఇంట్లో చేసే పనే కదా అనొచ్చు. నిజమే. కానీ అందులో ఏముందో తెలియాలంటే, అంతకుముందు వందేళ్ళుగా కాగితం బొమ్మలు పిల్లలకి ఏం చెబుతూ వచ్చాయో కాస్త చూడాలి.

1810లో లండన్‌లో ఎస్. అండ్ జె. ఫుల్లర్ అనే ప్రచురణకర్తలు 'ది హిస్టరీ ఆఫ్ లిటిల్ ఫానీ' అనే చిన్న పుస్తకం వేశారు. అందులో ఫానీ తల ఒక్కటే. దాన్ని వేరువేరు దుస్తుల్లో ఉన్న ఒంటి బొమ్మలకి మార్చి మార్చి తగిలించాలి. కథ నీతికథ. సోకులకి పోయి, అమ్మ మాట వినని ఫానీ తన మంచి బట్టలు పోగొట్టుకుని బిచ్చమెత్తుతుంది, తర్వాత చిన్నాచితకా పనులు చేస్తుంది, చివరికి బుద్ధి తెచ్చుకుని పుస్తకం చేతబట్టి ఇల్లు చేరుతుంది. ఏ పేజీలో ఏ బట్టలో కథ ముందే తేల్చేసింది. ఆడుకునే పిల్ల చేయాల్సిందల్లా తల తీసి పెట్టడం. రెండేళ్ళకే బోస్టన్‌లో 'లిటిల్ హెన్రీ' కథ ఇదే పద్ధతిలో వచ్చింది.

ఆ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి అమెరికాలో మెక్‌లాక్లిన్ బ్రదర్స్ లాంటి సంస్థలు వీటిని చవగ్గా అచ్చేయసాగాయి. 1859 నవంబరులో 'గోడీస్ లేడీస్ బుక్' పత్రిక తన పేజీల్లోనే కాగితం బొమ్మల్ని ఇచ్చింది. 1908లో లెటీ లేన్, 1913లో డాలీ డింగిల్, 1951లో బెట్సీ మెకాల్, ఇలా ప్రతి తరానికీ ఒక పత్రిక బొమ్మ. అన్ని ఇళ్ళకీ ఒకటే మొహం, ఒకటే బీరువా.

దీనికి సమాంతరంగా ఇంకో దారీ నడిచింది. బొమ్మలు ఇంట్లోనే ఎలా చేసుకోవాలో ఆడపిల్లలకి నేర్పే పుస్తకం ఒకటి 1856లోనే న్యూయార్క్‌లో వెలువడింది. కొనే స్తోమత లేని ఇళ్ళలో పిల్లలు పాత సియర్స్ క్యాటలాగుల్లోంచి మనుషుల్ని కత్తిరించుకుని వాళ్ళనే కుటుంబంగా చేసుకున్నారు. జెల్డా బొమ్మలు ఈ రెండో దారిలోవి.

ఇప్పుడు ఫిట్జ్‌జెరాల్డ్‌ల ఇంటికి వద్దాం. ఆ ఇంట్లో జీవితమంతా రచనకి ముడిసరుకే. 1921 అక్టోబరులో స్కాటీ పుట్టినప్పుడు, మత్తులోంచి తేరుకుంటూ జెల్డా అన్న మాటల్ని స్కాట్ రాసి పెట్టుకున్నాడు. 1925లో వచ్చిన 'ది గ్రేట్ గాట్స్‌బీ'లో డైసీ తన కూతురి గురించి అనే ప్రసిద్ధమైన మాట అక్కణ్ణుంచి వచ్చిందే. 1922లో అతని రెండో నవలని పత్రికలో సమీక్షిస్తూ, తన డైరీ, ఉత్తరాల ముక్కలు అందులో కనిపిస్తున్నాయని జెల్డా నవ్వుతూనే ఎత్తిపొడిచింది. 1930లో ఆమె రాసిన ఒక కథ స్కాట్ పేరుతోనే అచ్చయింది. అంటే పాప పుట్టిన రోజునుంచే ఎవరో పాఠకుల కోసం పాత్ర అయిపోయింది.

కాగితం బొమ్మల్లోనూ ఆ కుటుంబమే ఉంది. కానీ పాఠకురాలు మాత్రం ఒక్కతే, స్కాటీ. ఇక్కడ అమ్మకీ నాన్నకీ ఏ బట్టలు తొడగాలో, ఎవరి పక్కన ఎవర్ని నిలబెట్టాలో తేల్చేది ఆ పిల్లే. ఫానీ కథలో బట్టలు శిక్షగానో బహుమతిగానో వచ్చేవి. ఇక్కడ బట్టలంటే బట్టలే, ఇష్టం లేకపోతే తీసేయొచ్చు. మడతలు పెట్టిన వాల్‌పేపర్‌తో చేసిన గౌన్లనీ, బెల్జియం చేతిరుమాలు లేసు కత్తిరించి కుచ్చులు పెట్టిన తన పార్టీ గౌనునీ స్కాటీ పెద్దయ్యాక కూడా గుర్తుచేసుకుంది.

క్రమంగా ఆర్థర్ రాజు వీరులు, పధ్నాలుగో లూయీ దర్బారు, ఎర్ర టోపీ పిల్లా తోడేలూ కూడా చేరారు. ఈ బొమ్మల ఒళ్ళు చూస్తే కండలు తిరిగి ఉంటాయి, పిక్కలు డాన్సర్లవి. జెల్డా బాలేలో పూర్తిగా మునిగిపోయిన కాలమూ అదే మరి.

1930లో ఆమె కుప్పకూలింది. ఆ తర్వాత ఆస్పత్రులు. 1940ల్లో మాంట్‌గోమరీలో తల్లి దగ్గర ఉంటూ మళ్ళీ కాగితం బొమ్మలు వేసింది. 1948 మార్చి 10న ఆష్‌విల్‌లో ఆస్పత్రి తగలబడినప్పుడు చనిపోయిన తొమ్మిది మందిలో ఆమె ఒకతె.

2022లో ఆమె మనవరాలు ఎలెనార్ లానహన్ ఈ బొమ్మల్ని పుస్తకంగా తెచ్చింది. ప్రచురించింది స్క్రిబ్‌నర్, 'గాట్స్‌బీ'ని అచ్చేసిన సంస్థే. సంతోషమే. కానీ ఒక సంగతి మర్చిపోలేను. పిల్లలు బాగా ఆడుకున్న కాగితం బొమ్మకి ముందు భుజాల మీద మడిచే పట్టీలు తెగిపోతాయి, తర్వాత మెడ విరుగుతుంది, ఆ తర్వాత చెత్తబుట్టే. మనదాకా వచ్చేవి, ఎవరో కాసేపు ఆడుకుని జాగ్రత్తగా దాచినవి. స్కాటీకి అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ ఆ పుస్తకంలో ఉండకపోవచ్చు. ఉండకపోతే, జెల్డా అనుకున్న పని ఆ బొమ్మతోనే పూర్తయినట్టు.