పేరు తప్పిన ద్రాక్ష



అమరకోశమున ద్రాక్షకు మృద్వీక, గోస్తని మొదలగు పేరులు పెక్కు కలవు. ఒక వస్తువునకు పలు పేరులున్నను చిక్కు లేదు. రెండు వస్తువులకు ఒకే పేరు తగులుకొన్నచో చిక్కు తప్పదు. అట్టి చిక్కు ఒక దేశపు ద్రాక్షసేద్యమును తరములకొలది ఎట్లు పట్టియుండెనో, తుదకెట్లు వీడెనో నేడు మనవి చేసెదను. ఆ దేశము దక్షిణ అమెరికాలోని చిలీ. ఆ ద్రాక్ష పేరు కార్మెనేర్. నేను చెప్పబోవునది పానప్రశంస కాదు, సేద్యపు చరిత్ర.

చిలీ దేశము నాగటిచాలు వలె పొడవై, సన్నమై యున్నది. తూర్పున ఆండీస్ పర్వతములు, పడమట పసిఫిక్ మహాసముద్రము, ఉత్తరమున అటకామా ఎడారి, దక్షిణమున మంచునేలలు. నడిమి లోయలలో వేసవి వానలు అరుదు. పర్వతములపై మంచు కరగి దిగివచ్చు నీటిని కాలువలు త్రవ్వి తోటలకు పారింతురు. 16వ శతాబ్ది నడుమ స్పెయిను దేశస్థులు అచటికి ద్రాక్షతీగను గొనివచ్చిరి. క్రైస్తవుల ఆరాధనమునకు ద్రాక్షాసవము కావలసియుండుటచే మతగురువులు దానిని నాటించిరి. పాయిస్ అను ఆ పాత తెగయే సుమారు మూడువందల యేండ్లు ఆ దేశమున ప్రధానమై యుండెను.

1818లో చిలీ స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. పిదప అచటి ధనవంతులకు ఫ్రాన్సు దేశపు రీతులపై మక్కువ హెచ్చెను. 1851లో సిల్వెస్ట్రే ఒచాగావియా అను భూస్వామి ఫ్రాన్సునుండి మేలుతెగల తీగలను తెప్పించి నాటించెను. ఆ శతాబ్దిలో బోర్డో ప్రాంతమునుండి కాబెర్నే సావిన్యోన్, మెర్లో మొదలగు తెగలు సముద్రము దాటి చిలీ చేరెను. వానితోపాటు కార్మెనేరును చేరెను. శరదృతువున దీని ఆకులు కుంకుమవర్ణమునకు తిరుగును. ఆ యెఱుపును తెలుపు మాటనుండియే దీనికి పేరు కలిగెనందురు.

ఇంతలో ఫ్రాన్సుకు గొప్ప విపత్తు సంభవించెను. 1860 తరువాతి యేండ్లలో ఉత్తర అమెరికానుండి ఫిలోక్సెరా అను పురుగు ఆ దేశమున ప్రవేశించెను. అది పేనుబంక జాతికి దగ్గరిది, మిక్కిలి సూక్ష్మమైనది. తీగల వేరులను పట్టి రసమును పీల్చి తోటలను ఎండగొట్టెను. మందులు చల్లిరి, పల్లపు తోటలను నీట ముంచిరి. అవి అన్నిచోటుల సాగలేదు. తుదకు, ఆ పురుగును తాళగల అమెరికా తీగల వేరుపై తమ తీగలను అంటుకట్టిరి. మనము నాటుమామిడి మొలకపై మేలుమామిడిని అంటుకట్టుట వంటిదే ఈ యుపాయము.

తోటలను మరల నాటునప్పుడు బోర్డో రైతులు కార్మెనేరును విడిచిపెట్టిరి. చలివానలకు దాని పూత రాలి పిందె నిలువదు. కాయ ఆలస్యముగా పండును. కావున పుట్టినింట అది దాదాపు మాసిపోయెను. చిలీకి మాత్రము ఆ పురుగు చేరలేదు. నేటికిని అచటి తోటలలో నెలకొనలేదు. కొండలు, ఎడారి, సముద్రము కోటగోడలై కాచెను. పుట్టినింట నశించిన తీగ మెట్టినింట స్వంత వేరులపై బ్రదికెను.

బ్రదికినదే కాని పేరు పోగొట్టుకొనెను. దాని ఆకు మెర్లో ఆకును పోలియుండుటచే రెండును ఒకే తోటలో కలిసి, రెండును మెర్లో అనియే పిలువబడెను. ఇచటనే నష్టము కలిగెను. మెర్లో కొన్ని వారములు ముందుగా పండును. రెంటిని ఒకేసారి కోసినచో కార్మెనేర్ పచ్చిగానుండి, రసమున పచ్చిమిరప వంటి పసరువాసన నిలుచును. దానికొరకు ఆగినచో మెర్లో మిగులముగ్గును. ఈ భేదమును రైతులు చూడకపోలేదు. పెయుమో లోయ పేరు చేర్చి మెర్లో పెయుమాల్ అనియు వ్యవహరించిరి. కన్ను సరిగానే చూచినది, పేరు మాత్రము దారి తప్పించినది.

1994 నవంబరు 24వ తేదీన జాన్ మిషెల్ బూర్సికో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మైపో లోయలోని కార్మెన్ తోటను దర్శించెను. దక్షిణార్ధగోళమున నవంబరు వసంతకాలము; తీగలు పూతపై నుండెను. ఆయన పూవులోని కేసరములు మెలిదిరిగి యుండుట గమనించి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని చెప్పెను. తరువాతి జన్యుపరీక్షలును దానిని నిర్ధారించినవి.

సత్యము తెలిసినంతమాత్రమున పని తీరలేదు. మెర్లో పేరునకు విదేశపు విపణిలో గిరాకి కలదు. కార్మెనేర్ అన్నచో కొనువారికి తెలియదు. చెల్లుచున్న పేరును విడుచుటకు వర్తకుడు జంకుట సహజమే గదా! అయినను 1998లో చిలీ వ్యవసాయశాఖ దీనిని వేఱు తెగగా అంగీకరించెను. తోటలలో తీగలను వేఱుపఱచి, దేనికి తగిన అదనులో దానిని కోయసాగిరి. మునుపు దోషమనబడిన గుణమే కాయ పక్వమైనపిదప విశేషమయ్యెను. నేడు అచట సుమారు 10,000 హెక్టార్ల నేలలో పండుచు, అది చిలీ దేశమునకే గుర్తుగా నిలిచియున్నది.

పేరు సరియైనచో అదను సరియగును. అదను సరియైనచో ఫలము సరియగును. పూవును వంగి చూచిన పండితునకు ఎంత కీర్తి కలదో, పేరెఱుగకయే ఆ తీగను పెఱికివేయక కాపాడిన రైతులకును అంత కలదు. మొలగొలుకులు, అక్కుళ్లు, కృష్ణకాటుకలు అను మన పాతవరుల గింజను చూచి పేరు చెప్పగల పెద్దలు మన గ్రామములలో ఇంకను కలరు. వారు చెప్పు గుర్తులను పిల్లలచేత వ్రాయించి యుంచుడు. గింజ నిలిచినను పేరు పోయినచో, దానిని మరల గుర్తుపట్టుటకు మనకును ఒక బూర్సికో రావలసియుండును.