సారథి పీఠము: కొలత ఎవరిది?

మూకండపల్లి వాసులమైన మనకు చిరపరిచితమైన దృశ్యమొకటి కలదు. కృష్ణగిరి పోవు రాజమార్గమున తలుపులు లేని, పైకప్పు లేని, ఇంజను, చట్రము, చక్రములు మాత్రమే గల లారీ యొకటి సాగిపోవుచుండును. దానిపై తలకు తువ్వాలు చుట్టి, కండ్లకు అద్దములు పెట్టి సారథి కూర్చుండి యుండును. ఎండయు, వానయు, దుమ్మును అతని పైననే. పూర్వపు పరుగు కార్ల ఛాయాచిత్రములను మొదట చూచినపుడు మాకు స్ఫురించినది ఈ సారథియే. 1920 ప్రాంతమున ఐరోపాలో ఆ కార్లను నడిపినవారును ఇట్లే గాలికి ముఖమొడ్డి కూర్చుండిరి. వారు వేడుకకై కూర్చుండిరి. ఇతడు కూటికై కూర్చుండెను. ఈ పోలికను పట్టుకొని, సారథి పీఠము నడచి వచ్చిన దారిని కొంత విచారింతము.

ఎద్దుల బండి తోలిన మన పెద్దలకు కూర్చుండు చోటి విలువ తెలియును. వెనుక బరువెక్కువై కాడి పైకి లేచినపుడు బండివాడు నొగల మీదికి జరుగును. ముందు బరువై ఎద్దుల మెడలు క్రుంగినపుడు వెనుకకు జరుగును. అతని దేహమే బండికి త్రాసు. మోటారు వాహనము ఈ స్వేచ్ఛను హరించెను. తొలి కార్లను పడవ చుక్కాని వంటి మీటతో త్రిప్పెడివారు. 1894లో పారిస్ నుండి రువాన్ వరకు జరిగిన పందెమున ఆల్‌ఫ్రెడ్ వాషెరాన్ తన పానార్ కారునకు గుండ్రని స్టీరింగు చక్రమును అమర్చెను. క్రమముగా సారథి చేతులు చక్రమునకు, పాదములు పెడళ్లకు, నడుము పీఠమునకు కట్టుబడెను. ఈ మూడింటి నడుమ దూరములు సరిగా నున్నచో ప్రయాణము సుఖము, లేనిచో శిక్ష.

వేగమును కోరి కట్టిన స్పోర్ట్సు కార్లలో ఈ దూరములను నిర్ణయించినది సారథి సుఖము కాదు. గాలి తాకిడి తగ్గుటకు కారు ఎత్తును తగ్గించిరి. అందుచే అతడు కాళ్లు చాచి కూర్చుండవలసి వచ్చెను. పొడవైన ఇంజను ముందుండుటచే అతని స్థానము వెనుక ఇరుసు చెంతకు జరిగెను. దీని వలన నొక మేలును కలిగెను: వెనుక చక్రములు జారుచున్న సంగతి కంటికంటె ముందు నడుమునకు తెలిసెడిది. 1950లో తొలి ప్రపంచ విజేతయైన ఇటలీ దేశీయుడు నీనో ఫరీనా చక్రమునకు దూరముగా, చేతులు చాచి కూర్చుండి నడిపెడివాడు. ఇంగ్లాండునకు చెందిన స్టిర్లింగ్ మాస్ ఆ పద్ధతినే అనుసరించెను.

అందమైన కార్లే మనిషిని మరచిన సందర్భములు పెక్కు. 1954లో వెలువడిన మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారున గొట్టముల చట్రము ప్రక్కలయందు ఎత్తుగా నుండెను. అందుచే తలుపులను పైకప్పునకు బిగించి, పక్షి రెక్కలవలె పైకి లేచునట్లు చేసిరి. సారథి లోనికి దూరుటకు స్టీరింగు చక్రము వంగు ఏర్పాటును చేయవలసి వచ్చెను. 1961 నాటి జాగ్వార్ ఇ-టైప్ సొగసును లోకమంతయు పొగడెను. కాని మొదటి కార్ల అడుగు చదునుగా నుండి పొడుగువారి కాళ్లకు చోటు చాలలేదు. 1962లో పాదములుండు చోట అడుగును పల్లముగా దింపిరి. 1964లో వచ్చిన ఫోర్డు జి.టి.40 కారునకు ఆ పేరు దాని 40 అంగుళముల ఎత్తును బట్టి వచ్చినదే. దాని వంశమునకే చెందిన కారును 1967లో ల మాన్ పందెమున నడపుటకు ఆజానుబాహువైన డాన్ గర్నీ వచ్చినపుడు, శిరస్త్రాణమునకు చోటు లేక పైకప్పున బుడిపె నొకదానిని పెట్టిరి. ఎ.జె. ఫాయిట్‌తో కలిసి అతడు ఆ పందెమును గెలిచెను. ఆ బుడిపెకు నేటికిని గర్నీ పేరే నిలిచియున్నది.

ఒకని తలకు బుడిపె పెట్టవచ్చును, వేలమందికి పెట్టుటెట్లు? ఈ చిక్కు నుండియే కొలతల శాస్త్రము బలపడెను. 1962లో అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘము మనిషిని పోలిన కొలబొమ్మకు ప్రమాణమును ప్రకటించెను. తుంటి కీలు ఎచ్చట నిలుచునో ముందుగా నిర్ణయించి, అచ్చటి నుండి చేతికి, కాలికి, కంటికి దూరములు లెక్కించుట దాని పద్ధతి. అయితే ఆ బొమ్మ పరాయి దేశపు పురుషుని కొలతది. భారతీయ స్త్రీ పురుషుల దేహ కొలతలను సేకరించి దేబ్‌కుమార్ చక్రబర్తి రచించిన గ్రంథమును అహ్మదాబాదు జాతీయ డిజైను సంస్థ 1997లో గాని ప్రచురింపలేదు.

ఇక మన ఊరి వంక చూతము. 1970 దశకమున ఇచ్చట సిప్‌కాట్ పారిశ్రామిక వాడ వెలసెను. 1980లో హోసూరున అశోక్ లేలాండ్ కర్మాగారము ఆరంభమయ్యెను. ఆ యేటనే ఇద్దరు కూర్చుండదగిన టి.వి.ఎస్. 50 మోపెడు ఇచ్చటి నుండి వెలువడెను. 2020లో అదే టి.వి.ఎస్. సంస్థ ఇంగ్లాండు నార్టన్‌ను కొనెను. 1950లో ఆ నార్టన్ పందెపు మోటారు సైకిలునకు వచ్చిన క్రొత్త చట్రముపై స్వారిచేసిన హెరాల్డ్ డేనియల్ అది ఈకల పరుపువలె నున్నదనగా, ఆ పేరే దానికి స్థిరపడెను. స్వారిచేయువాని నడుము చెప్పిన మాట చట్రమునకు పేరగుట మాకు మిక్కిలి నచ్చిన సంగతి.

లారీ సారథి మాట వినువారు చాలకాలము లేకపోయిరి. దేశమున లారీలు కేబిను లేని చట్రములుగానే అమ్ముడగుట చిరకాలపు ఆచారము. కొన్నవారు నామక్కల్, తిరుచెంగోడు, సంకగిరి వంటి ఊళ్లలో పనివారిచే కేబిను కట్టించుకొనెడివారు. 2025 అక్టోబరు 1 మొదలు తయారగు మధ్య తరగతి, భారీ లారీల కేబిన్లలో శీతల యంత్రముండవలెనని కేంద్ర ప్రభుత్వము నియమించినది. పరుగు కారునకు పైకప్పు వచ్చిన ఎన్నియో దశాబ్దములకు లారీ సారథికి చల్లగాలి దక్కెను.

మన ఇండ్లలోని యువతీయువకులెందరో నేడు ఈ కర్మాగారములలో పనిచేయుచున్నారు. పాత కార్ల పీఠములను కంటితో చూడగోరువారు కోయంబత్తూరున మన తెలుగువాడైన జి.డి. నాయుడుగారి (1893-1974) పేరిటి ధర్మసంస్థ నెలకొల్పిన కార్ల ప్రదర్శనశాలకు పోయి చూడవచ్చును. కాని పుస్తకములకెక్కని పాఠము మన వీధులలోనే కలదు. ముప్పది యేండ్లు లారీ తోలిన పెద్దాయనను నడుము నొప్పి ఎచ్చట మొదలైనదో అడుగుడు. అతడు చూపిన చోటే తదుపరి పీఠమునకు కొలత. ఆ మాటను మన భాషలో వినుటకును, కర్మాగారపు భాషలో చెప్పుటకును నేర్చినవారు మన బిడ్డలే గదా!