మాలె: చేపల నెత్తుటి పేరు

మాల్దీవుల రాజధాని మాలె ఒకప్పుడు మనుషులు లేని ఇసుక దిబ్బ అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పక్కనున్న గిరావరు దీవి జాలర్లు పట్టిన సూర చేపల్ని ఈ దిబ్బ మీదే కోసి, కడిగేవారట. చుట్టూ నీళ్లు ఎర్రబడేవి. దివెహి భాషలో ‘మా’ అంటే పెద్ద, ‘లె’ అంటే నెత్తురు. అలా ‘మాలె’ అయింది.

పండితులు మాత్రం సంస్కృత ‘మహాలయం’ వైపు మొగ్గుతారు. పెద్ద ఇల్లు, అంటే రాజుగారి కోట. వినడానికి హుందాగానే ఉంది కానీ, నాకు నెత్తుటి కథే నచ్చుతుంది. బతుకుతెరువు చేపల వేటే అయిన చోట ఊరికి కత్తిపీట వాసన అంటడం సహజమే కదా!

ఆ కథలోనే ఇంకో ముక్క ఉంది. కోయిమలా అనే రాజకుమారుడు సముద్రం దాటి వచ్చి, మొదట ఉత్తరాన రస్గెతీము దీవిలో దిగాడట. ఆ పేరులోనూ ‘రస్’ రాజు, ‘గె’ ఇల్లు. తర్వాత మాలెలో కాపురం పెట్టేముందు గిరావరు వాళ్ల అనుమతి అడిగాడట. తాము ఈ దీవుల పాత కాపులమని వాళ్లు చెప్పుకునేవారు.

ఇప్పుడు గిరావరు దీవిలో ఆ పాత కాపులు లేరు, పర్యాటకుల రిసార్ట్ ఉంది.