బ్రెయిన్ అట్లాస్: మెదడులో ఏ జన్యువు ఎక్కడ పనిచేస్తోంది? ఆరుగురి మెదళ్లతో మ్యాప్!

మన ఒంట్లోని కణాలన్నింటిలో దాదాపు ఒకే డీఎన్ఏ ఉంటుంది. తేడా అంతా ఎక్కడ ఏ జన్యువు ఆన్‌లో ఉంది, ఏది ఆఫ్‌లో ఉంది అన్నదాంట్లోనే. మెదడు విషయంలో ఈ లెక్క చూపించేదే అలెన్ హ్యూమన్ బ్రెయిన్ అట్లాస్.

మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ 2003లో అమెరికాలోని సియాటెల్‌లో పెట్టిన సంస్థ దీన్ని తయారు చేసింది. 2006కి ఎలుక మెదడు మ్యాప్ పూర్తిచేసి, 2010లో మనిషి మెదడు వివరాలను ఆన్‌లైన్‌లో పెట్టింది.

ఎలా చేశారంటే.. చనిపోయినవారి మెదళ్లను పలుచని ముక్కలుగా కోసి, వందల చోట్ల నుంచి శాంపిళ్లు తీశారు. ఒక్కోదాంట్లో దాదాపు 20 వేల జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో ఆర్ఎన్ఏ ద్వారా కొలిచారు. వీటిలో కనీసం 84 శాతం మెదడులో ఎక్కడో ఒకచోట పనిచేస్తున్నాయని 2012లో ‘నేచర్’ జర్నల్‌లో వెల్లడించారు.

అల్జీమర్స్, ఆటిజం లాంటి వాటితో సంబంధమున్న జన్యువు ఏ భాగంలో చురుగ్గా ఉందో ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

అయితే ఇందులో ఉన్నది ఆరుగురి మెదళ్లే. వారిలో మహిళ ఒక్కరే. నలుగురి మెదళ్లలో ఎడమ సగమే పరిశీలించారు. అందుకే ఇక్కడ దొరికిన ఆధారాన్ని మరింతమందిలో సరిచూశాకే వ్యాధుల గురించి గట్టిగా చెప్పగలరు.