భారతి ఆగాక

1991లో ‘భారతి’ ఆగిపోయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924 జనవరిలో మద్రాసు నుంచి మొదలుపెట్టిన మాసపత్రిక అది. కవిత, కథ, శాసనం, సంగీతం, శిల్పం, ఛందస్సు, వీటిలో ఏదైనా నిలబెట్టి రాయాలనుకున్నవాళ్లకు అరవయ్యేడేళ్లపాటు అదే చిరునామా. ‘భారతిలో పడింది’ అంటే రచయితకు పట్టా అందినట్టే. అలాంటి పత్రిక పోయాక, పాతిక పేజీల వ్యాసం రాసుకున్న మనిషి దాన్ని ఎవరికి పంపాలో తెలియని రోజులు వచ్చాయి. వారపత్రికలు రెండు పేజీలు దాటనిచ్చేవి కావు. దినపత్రికల సాహిత్యం పేజీ వారానికొక్కటే.

అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్ ప్రమాణం మొదటి సంపుటం వెలువడింది. ప్రపంచంలోని లిపులన్నిటికీ కంప్యూటరులో తలా ఒక చోటు కేటాయించే పని అది. అందులో తెలుగుకు 128 గళ్లు దక్కాయి. అప్పుడు ఆ సంగతి తెలుగునాట పట్టించుకున్నవాళ్లు బహు తక్కువ. పత్రిక పోయిన బాధే కనిపించింది గానీ, అక్షరానికి వేరే ఇల్లు కడుతున్నారన్న సంగతి కనిపించలేదు. ఆ ఇంట్లో తెలుగు పత్రిక కాపురం పెట్టడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ముందు లిపి సంగతి తేలాలి. తొంభైల మొదట్లో అమెరికా చేరిన తెలుగు విద్యార్థుల ముందున్న కంప్యూటర్లకు ఇంగ్లిషు అక్షరాలే తెలుసు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువాళ్లు దీనికో దారి వెతికారు. ఇంగ్లిషులో చిన్నబడి, పెద్దబడి అక్షరాలు ఉన్నాయి కదా, ఆ తేడానే వాడుకున్నారు. చిన్న ‘టీ’ కొడితే త, పెద్ద ‘టీ’ కొడితే ట. చిన్న ‘డీ’ ద, పెద్ద ‘డీ’ డ. ‘తాటాకు’ అని రాయాలంటే చిన్న టీ, పెద్ద ఏ, పెద్ద టీ, పెద్ద ఏ, చిన్న కే, చిన్న యూ వరసగా కొట్టాలి. మధ్యలో వేలు జారి పెద్ద టీ చిన్నదైతే తాటాకు కాస్తా ‘తాతాకు’ అవుతుంది. ఇలా రాసినదాన్ని ఒక ప్రోగ్రాము తెలుగు లిపిలోకి మార్చేది. ఈ పద్ధతికి ఆర్‌టీఎస్ అని పేరు. ఈనాటికీ ఇంగ్లిషు కీబోర్డు మీద తెలుగు కొట్టేవాళ్లలో చాలామంది వేళ్లకు అలవాటైన బాణీ అదే.

అచ్చులాంటి అందం కావాలంటే మాత్రం ఫాంట్లు కావాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన, తిక్కన పేర్లతో ఫాంట్లు తయారుచేసి ఉచితంగా పంచిపెట్టారు. కవుల పేర్లు అక్షరాలకే పెట్టుకోవడం తెలుగువాడికి తట్టిన మర్యాద. మరోపక్క తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. ఒక పత్రిక అక్షరం ఇంకో పత్రికకు తెలియదు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పేజీ తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు తప్ప తెలుగు అక్షరమ్ముక్క కనబడేది కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. 2006లో వచ్చిన ‘లేఖిని’ అనే వెబ్ పేజీతో ఏమీ దించుకోనక్కర్లేకుండానే తెలుగు రాసే వీలు కలిగింది. అప్పటికి గానీ యూనికోడ్‌లోని ఆ 128 గళ్లు మామూలు పాఠకుడి దాకా రాలేదు.

‘ఈమాట’ అనే వెబ్ పత్రిక అంతకాలం ఆగలేదు. 1998 దీపావళికే మొదలైంది.

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరు సాహిత్యాభిమానులు దాన్ని నిలబెట్టారు. కె.వి.ఎస్. రామారావు, కొలిచాల సురేశ్ వంటివారు తొలి సంపాదకుల్లో ఉన్నారు. పేరులో చమత్కారం ఉంది. ‘ఈ’ అంటే మన చేతికందే ‘ఈ’ మాటా అవుతుంది, ఎలక్ట్రానిక్ అన్నదానికి పొడి అక్షరమూ అవుతుంది. ప్రకటనలు లేవు, చందా లేదు, జీతాలు లేవు. పగలు ఆఫీసు పని, రాత్రి ప్రూఫులు. నాగేశ్వరరావు పంతులుగారి పత్రికల వెనక ఆయన అమృతాంజనం వ్యాపారం డబ్బు ఉండేది. ఈ పత్రిక వెనక ఉన్నవి నలుగురి జేబులు, నలుగురి నిద్రమానిన రాత్రులు.

వెబ్‌లో ఎవరు ఏది రాసినా పడిపోతుందన్న అభిప్రాయం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఈమాట దానికి లొంగలేదు. వచ్చిన రచనను చదివి, ఆధారాలు అడిగి, మార్పులు సూచించి తిప్పిపంపడం దాని పద్ధతి. పేరున్న రచయితకైనా ఇది తప్పేది కాదు. నొచ్చుకున్నవాళ్లూ ఉండి ఉంటారు. కానీ ఆ పట్టుదల లేకపోతే ఇన్నేళ్ల పాత సంచికలు ఇవాళ తిరగేయడానికి యోగ్యంగా ఉండేవి కావు. తెలుగులో ‘ఎడిటింగ్’ అనే పని బతికున్న చోట్లు బహు కొద్ది. వాటిలో ఒకటి తెరమీది పత్రిక కావడం గర్వించాల్సిన సంగతే.

అచ్చుపత్రిక చేయలేని పని ఒకటి వెబ్ పత్రికలు చేశాయి. సంగీతం మీద వ్యాసం పక్కనే సంగీతాన్ని పెట్టాయి.

కొడవటిగంటి రోహిణీప్రసాద్ సంగతి చూడండి. రచయిత కుటుంబరావుగారి అబ్బాయి. భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. సితార్ వాయించేవారు. 2012లో కన్నుమూసేదాకా సంగీతం గురించీ విజ్ఞానశాస్త్రం గురించీ తేలిక తెలుగులో రాస్తూనే ఉన్నారు. సంగీతం మీద ఆయన వ్యాసాలు చాలా ఈమాటలో ఉన్నాయి. రాగం గురించి మాటల్లో ఎంత చెప్పినా చెవికి ఎక్కదు. మోహన రాగంలో స, రి, గ, ప, ద అయిదే స్వరాలు, మ, ని ఉండవు అని అచ్చులో చదివితే లెక్కల పాఠంలా ఉంటుంది. హిందుస్తానీలో దాన్నే భూప్ అంటారని ఇంకో వాక్యం చేర్చినా అంతే. కానీ ‘మాయాబజార్’ (1957)లో వెన్నెల రాత్రి పడవ మీద సాగే ‘లాహిరి లాహిరి’ పాట ఆ రాగంలోదే అని చెప్పి, అక్కడికక్కడే స్వరాలు వినిపిస్తే, సంగీతం రానివాడికి కూడా దాని రుచి తెలుస్తుంది. అచ్చులో ఏ మాసపత్రికా ఈ సదుపాయం ఇవ్వలేకపోయింది.

జెజ్జాల కృష్ణ మోహన రావు ఛందస్సు వ్యాసాలు ఇంకో మచ్చుతునక. తెలుగు వృత్తాలను సంస్కృతం, కన్నడం, ప్రాకృతం దాకా వెతుక్కుంటూ వెళ్లి, గణాల పట్టికలతో సహా చూపిస్తారు. ఒక్కో వ్యాసం వారపత్రిక మొత్తాన్నీ మింగేసేంత పొడవు. వెబ్‌లో చోటుకు కరువు లేదు గనుక అవి ఉన్నాయి.

పాత గొంతుల సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. పరుచూరి శ్రీనివాస్ లాంటి సేకర్తల పుణ్యమా అని లలితగీతాలు, రేడియో నాటకాలు, ప్రసంగాలు ఈమాటలోకి చేరాయి. ఒక 78 ఆర్‌పీఎం గ్రామఫోను ప్లేటు తీసుకోండి. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాల పాట. లక్కతో చేసిన పెళుసు వస్తువు, చేయి జారితే ముక్కలే. దాని మీద గీసుకుపోయే ఉక్కుసూదిని ప్లేటు తిప్పినప్పుడల్లా మార్చాలి, లేకపోతే మొండిసూది గాడిని చెక్కేస్తుంది. స్పూలు టేపుది వేరే జబ్బు. పాత ఎసిటేట్ టేపు పాడవడం మొదలుపెడితే వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది, విరిగిపోతుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. దశాబ్దాలపాటు ఆ స్టూడియోలో పాడినవాళ్ల, నటించినవాళ్ల గొంతులు ఎవరో శ్రోత ఇంట్లో క్యాసెట్లోకి ఎక్కించుకోవడం వల్ల మిగిలిన సందర్భాలున్నాయి. ఆ క్యాసెట్టును అడిగి తెచ్చి, శుభ్రం చేసి, కంప్యూటరులోకి ఎక్కించి, పాడిందెవరో రాసిందెవరో విచారించి పెట్టడం చరిత్రకారుడి పని. దానికి జీతం లేదు, బిరుదు లేదు.

సినిమాకు వద్దాం. తెలుగువాడు తినకుండా ఉంటాడేమో గానీ సినిమా మాట్లాడకుండా ఉండడు. 1966లో మొదలై రావి కొండలరావు చేతుల మీదుగా నడిచిన ‘విజయచిత్ర’ లాంటి పత్రికలు సినిమా కబుర్లకు ఒక మర్యాద తెచ్చాయి. అయినా దర్శకుడు కెమెరాను ఎక్కడ పెట్టాడు, ఎందుకు పెట్టాడు అన్న చర్చకు చోటు తక్కువే. 2008లో వెంకట్ సిద్దారెడ్డి చొరవతో ‘నవతరంగం’ అనే వెబ్ పత్రిక మొదలైంది. సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లు చాలామంది కలిసి రాసిన పత్రిక అది. ప్రపంచ సినిమా, పాత తెలుగు సినిమా, స్క్రీన్‌ప్లే పాఠాలు, కొత్త సినిమా మీద వాదులాటలు, అన్నీ తెలుగులోనే.

ఆ పేరు ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1951లో పారిస్‌లో ఆంద్రే బజాన్, మరికొందరు కలిసి ‘కాయే దు సినిమా’ అనే పత్రిక పెట్టారు. అందులో రాసిన కుర్రాళ్లలో ఫ్రాన్స్వా త్రూఫో ఒకడు. 1954 జనవరి సంచికలో తన దేశపు సినిమాలను ఎండగడుతూ పెద్ద వ్యాసం రాసేనాటికి అతని వయసు ఇరవై ఒకటి. 1959లో తానే తీసిన ‘ద ఫోర్ హండ్రెడ్ బ్లోస్’కు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు. రాసినవాళ్లే తీసినవాళ్లయ్యారు. ఆ ఉద్యమాన్నే న్యూ వేవ్ అంటారు, మన మాటలో నవతరంగం. వెంకట్ సిద్దారెడ్డి కూడా తరవాత సినిమా దర్శకత్వంలోకి, పుస్తక ప్రచురణలోకి వెళ్లారు.

ఈమాట దారి వేశాక నడిచేవాళ్లు పెరిగారు. 2007లో కిరణ్ ప్రభ సంపాదకత్వంలో ‘కౌముది’, 2009లో పాఠకులే పుస్తకాల గురించి రాసుకునే ‘పుస్తకం.నెట్’, 2011లో పుట్ల హేమలత సంపాదకత్వంలో స్త్రీల పత్రిక ‘విహంగ’ వచ్చాయి.

లోపం చెప్పకపోతే తప్పవుతుంది. ఈ పత్రికల్లో చాలావరకు రచయితకు పారితోషికం లేదు. ఉద్యోగమున్నవాడు ఉచితంగా రాయగలడు. కలాన్ని నమ్ముకున్నవాడు, బుర్రకథ చెప్పుకుని బతికేవాడు ఎలా రాస్తాడు? అందుకే హరికథ, తోలుబొమ్మలాట, ఒగ్గుకథ లాంటి కళల గురించి ఆ కళాకారులే స్వయంగా రాసినవి అరుదు. వాళ్లను పలకరించి, వాళ్ల మాటల్లోనే రికార్డు చేసి పెట్టే పని ఇంకా చాలా మిగిలి ఉంది.

దానికన్నా పెద్దది ఒక భయం ఉంది. వెబ్ చిరునామాకు ఏటేటా అద్దె కట్టాలి. కట్టే మనిషి అలసిపోయినా, పోయినా, పత్రిక మొత్తం ఒక్క రాత్రిలో మాయమవుతుంది. ‘భారతి’ ఆగినా పాత సంచికలు గ్రంథాలయాల అరల్లో మిగిలాయి, ప్రెస్ అకాడమీ వాటిని స్కాన్ చేయించింది. ఆగిపోయిన వెబ్ పత్రికకు అర లేదు. అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి వెబ్ పేజీల నకళ్లు దాస్తోంది గనుక కొన్ని దొరుకుతున్నాయి, కొన్నిటికి బొమ్మలు లేవు, కొన్నిటికి ధ్వని లేదు. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు ఈ పత్రికల పూర్తి నకళ్లను తమ దగ్గర పెట్టుకోవడానికి కావలసిన ఖర్చు ఒక సభకు వేసే షామియానా ఖర్చును మించదు. ఆ పని ఈ ఏడే మొదలుపెట్టాలి.

చదువుతున్న మీకు కూడా ఒక మనవి. మీ ఇంటి అటక మీద తాతగారి క్యాసెట్టో, గ్రామఫోను ప్లేటో, నాటకం కరపత్రమో ఉంటే పాత సామాను వాడికి వేసేయకండి. ఆడుతుందో లేదోనని పదేపదే వేసి చూడకండి, అరిగిపోతుంది. తెలిసినంతవరకు పాడినవాళ్ల పేరు, ఊరు, ఏడు ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి దానితోపాటే ఉంచండి. ఆ వివరాలు చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఇవాళే కూర్చోబెట్టి అడగండి.