పైరవీల నియంత్రణ, బూర్గంపాడు ఏజెన్సీ

బూర్గంపాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గోదావరి కుడి ఒడ్డున, రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతంలోని, అంటే ఏజెన్సీలోని, మండల కేంద్రం. భూమి, అడవి, గనులు, ప్రాజెక్టులు, సరిహద్దుల విషయంలో ప్రభుత్వ పెద్దలను కలిసి తమకు అనుకూలంగా నిర్ణయాలు చేయించుకునే పైరవీని, అంటే లాబీయింగ్‌ను, నియంత్రించే ప్రత్యేక చట్టం దేశంలో లేదు. ఈ ప్రాంతంలో ఆ లోటును కొంతవరకు పూడ్చినవి భూబదలాయింపు నిబంధనలు, గ్రామసభలు, సమాచార హక్కు.

నిజాం పాలనలో బూర్గంపాడు పాల్వంచ సంస్థానపు పరిసర ప్రాంతం. నదికి ఆవల మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న భద్రాచలంలో 1917 నుంచే గిరిజన భూములకు చట్టరక్షణ ఉంది. 1959 నాటి ఆంధ్రప్రదేశ్ భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణ ఏజెన్సీకీ వర్తించాయి. జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే 1970 సవరణ వీటికి పదును పెట్టింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని భావించాలని, కాదంటే నిరూపించుకునే బాధ్యత అతనిదేనని ఈ సవరణ చెప్పింది. అయినా చిన్న కమతాల గిరిజనేతరులను భూముల నుంచి ఖాళీ చేయించవద్దంటూ 1979లో జీవో 129 వెలువడింది. చట్టసభ గడప తొక్కని ఒక ఉత్తర్వు చట్టం అమలును అలా సడలించింది. 1970 నిబంధన రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది.

1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఏజెన్సీ చరిత్రలో మేలి మలుపు. విశాఖ ఏజెన్సీలోని గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసులో, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంత భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని కోర్టు స్పష్టం చేసింది. మూడేళ్లకు, 2000 జూలైలో, కేంద్ర గనుల శాఖ ఐదో షెడ్యూలునే సవరించి ఈ తీర్పును దాటవచ్చని సూచిస్తూ ఒక రహస్య నోట్ తయారుచేసింది. నోట్ బయటపడడంతో గిరిజన సంఘాలు, హక్కుల కార్యకర్తలు తీవ్రంగా వ్యతిరేకించారు. ఆ సవరణ జరగలేదు. ఆ కాగితం ఫైలులోనే ఉండిపోయి ఉంటే దాని మీద చర్చకే తావుండేది కాదు.

బూర్గంపాడుకు నేరుగా తగిలిన ఉదంతం 2014 నాటిది. ఆ ఏడాది మార్చి 1న గెజిట్‌లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం మూడో సెక్షన్, పోలవరం ప్రాజెక్టు ముంపు గ్రామాలతో పాటు బూర్గంపాడు, సీతారామనగరం, కొండ్రెక రెవెన్యూ గ్రామాలను తెలంగాణ నుంచి మినహాయించింది. మే 29న కేంద్రం ఆర్డినెన్సుతో ఈ సెక్షన్‌ను మార్చింది. దానికి నిరసనగా అదే రోజు తెలంగాణలో బంద్ జరిగింది. ముంపు మండలాలు కలిపితేనే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేస్తానని కేంద్రానికి తెగేసి చెప్పానని చంద్రబాబు నాయుడు తర్వాత బహిరంగంగానే ప్రకటించుకున్నారు. జూలైలో పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. అయితే బూర్గంపాడు మండలంలో 12 గ్రామాలను తెలంగాణకే ఉంచింది. వాటిలో సారపాకతో పాటు బూర్గంపాడు గ్రామం కూడా ఉంది. మార్చి చట్టం ప్రకారం ఆంధ్రకు పోవలసిన ఊరు జూలై చట్టం ప్రకారం తెలంగాణలో మిగిలింది. ఈ మధ్యకాలంలో ఎవరెవరు ఎవరిని కలిశారో, ఏమి అడిగారో నమోదు చేయాలన్న నియమం ఏదీ లేదు.

లాబీయిస్టుల నమోదుకు అమెరికా 1946లో చట్టం చేసింది, కెనడాలో అలాంటి చట్టం 1989లో అమల్లోకి వచ్చింది. అమెరికా 1995లో మరింత కట్టుదిట్టమైన చట్టం తెచ్చింది. భారత్‌లో ప్రవేశానికి సంబంధించి కూడా లాబీయింగ్ ఖర్చు పెట్టినట్లు వాల్‌మార్ట్ వెల్లడించిన వివరాలు ఆ చట్టం వల్లే 2012లో బయటికొచ్చాయి, ఇక్కడి పార్లమెంటులో దుమారం రేపాయి. అప్పటి ఒడిశా ఎంపీ కళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ లాబీయింగ్ వివరాల వెల్లడికి ప్రైవేటు మెంబరు బిల్లు రూపొందించారు కానీ అది చట్టం కాలేదు. 2014లో కేంద్రం చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని నిర్ణయించింది. ఆర్డినెన్సుల తొందరలో అలాంటి గడువుకు చోటుండదు. పార్టీలకు విరాళాలిచ్చేవారి పేర్లు బయటపడనివ్వని ఎన్నికల బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసింది.

భూసేకరణకు, పునరావాసానికి ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలని పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో దాని అమలు నియమాలు 2011లో వచ్చాయి. ఫైళ్లలో అధికారులు రాసే నోటింగులు కూడా సమాచార హక్కు కింద ఇవ్వాల్సిన సమాచారమేనని కేంద్ర సమాచార కమిషన్ 2006లో తేల్చింది. అయితే అధికారిని కలిసిన మనిషి పేరు నోటింగులో ఉంటేనే అది దరఖాస్తుదారుకు దొరుకుతుంది.