కూర్చునే కత్తి పట్టిన డాక్టరమ్మ

1954 జనవరి నెలాఖరు. రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కుర్ర డాక్టర్లు కొందరు స్టేషన్ వాగన్‌లో షికారుకు బయల్దేరారు. దారిలో బండి పల్టీలు కొట్టింది. అందులో మేరీ వర్గీస్ ఉన్నారు. కొచ్చిన్ వైపు పిల్ల, వయసు ఇరవై ఎనిమిది. ప్రాణం దక్కింది. ముఖం మీద గాయాలు. వెన్నుపాము దెబ్బతిని నడుము కిందంతా చచ్చుబడిపోయింది.

ఆ కథ మన శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో ఎందుకంటారా? ఆమదాలవలసలో రైలెక్కి, కాట్పాడిలో దిగి, రాయవేలూరు ఆసుపత్రి మెట్లెక్కిన కుటుంబాలు మన వైపు ఎన్ని లేవు! ఇక చెన్నై చుట్టుపక్కల మనవాళ్లు సెంట్రింగ్ కొడతారు, రాడ్లు వంచుతారు, పరంజాలెక్కుతారు. 2014 జూన్ 28న అక్కడి మౌలివాక్కంలో పదకొండంతస్తుల మేడ కూలి 61 మంది పోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎందరో. పోయినవాళ్ల కోసం ఏడ్చాం. బతికి ఇంటికి చేరినవాళ్ల తర్వాతి బతుకు గురించి అడిగినవాళ్లం తక్కువ.

ఆ బతుకు ఎలా ఉంటుందో మన వీధుల్లో చూస్తూనే ఉన్నాం. నడుం విరిగి వచ్చినవాడికి అరుగు మీద మంచం వేస్తారు. తల్లి కంచం పట్టుకొచ్చి, ‘నువ్వు కదలకురా నాయనా, నానున్నాను కదా’ అంటుంది. అతని తాపీ, మట్టపలక గోనెసంచిలో చుట్టుకుని అటకెక్కుతాయి. ఏడాది తిరిగేసరికి చేతులు కూడా సన్నబడతాయి, దెబ్బ తగిలింది నడుముకే అయినా. ఆ తల్లిది ప్రేమే. ఆ ప్రేమే కొడుకు చేతిలోంచి చివరి పని కూడా లాగేసుకుంటోందని ఆమెకు చెప్పేవాళ్లు ఉండరు.

మేరీకి మాత్రం, చేతిలో పని వదలొద్దని చెప్పే మనిషి దొరికారు. ఆయన డాక్టర్ పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన ఇంగ్లీషాయన. వైద్యం చదవకముందు లండన్‌లో ఇళ్లు కట్టే పని నేర్చుకున్నారు. అప్పటికే కుష్ఠు చేతుల మీద ఆయన చేస్తున్న ఆపరేషన్లు పేరుపడ్డాయి. ఆ జబ్బు నరాన్ని చంపితే వేళ్లు పంజాలా వంగిపోతాయి. బాగున్న కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడును తీసి, చీల్చి, చచ్చుబడ్డ వేళ్లకు కలిపేవారు బ్రాండ్. కొన్ని వారాలు పిండికట్టు. అది విప్పాక అసలు పాఠం మొదలు. నిన్నటిదాకా ఒక వేలిని వంచిన కండరం ఇప్పుడు ఇంకో పని చేయాలి. అదే పనిగా చేయిస్తే తప్ప మెదడుకు ఆ సంగతి ఎక్కదు.

అయినా ఒకసారి ఆయనకు గట్టి దెబ్బే తగిలింది. ఆపరేషన్ అయి వెళ్లిన ఒక రోగి తిరిగొచ్చాడు. చేతులు చక్కగా ఉన్నాయని బిచ్చం వేయడం లేదట, కుష్ఠు వచ్చిందని తెలిసి పనీ ఇవ్వడం లేదట. చెయ్యి బాగుచేసి బతుకు వదిలేశామని బ్రాండ్‌కు అప్పుడు అర్థమైంది. 1951లో రాయవేలూరు ఆసుపత్రి ఆవరణలోనే నవజీవన కేంద్రం వెలిసింది. అక్కడ రోగులు రంపం పట్టారు, చెక్కబొమ్మలు చేశారు. స్పర్శ లేని చేతికి గాయం కాకుండా పనిముట్ల పిడులు మార్చారు. వైద్యానికీ కూలికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని దాటించే విద్యనే ఆక్యుపేషనల్ థెరపీ అంటున్నాం. మన దేశంలో దాని తొలి బడిని 1950లో బొంబాయిలో పెట్టింది కమలా నింబ్‌కర్.

చేతి ఆపరేషన్ కూర్చుని చేయవచ్చు. మేరీ విషయంలో బ్రాండ్ పట్టుకున్న సూక్ష్మం అంతే. పోయిన కాళ్ల సంగతి వదిలి, ఉన్న చేతులకు సరిపడే పని వెతికారు. ఆమె చక్రాల కుర్చీలో ఆపరేషన్ గదికి వచ్చి, వంగిపోయిన వేళ్లను సరిచేశారు. బల్ల మీద పడుకున్న మనిషి తల తిప్పి చూస్తే, కత్తి పట్టిన డాక్టరమ్మ కూడా తనలా దెబ్బతిన్న మనిషే. ఆ చూపు ఇచ్చే ధైర్యాన్ని ఏ మందుచీటీలో రాస్తాం?

తర్వాత ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తన ఒంటికి తర్ఫీదు పొందారు. న్యూయార్క్‌లో హోవార్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం చదివారు. తిరిగొచ్చాక 1966లో, రోగుల్ని చేర్చుకుని తర్ఫీదిచ్చే పునరావాస సంస్థ రాయవేలూరులో ఆమె కృషితో తెరుచుకుంది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో కన్నుమూశారు.

పనిలో దెబ్బతిన్న కూలీకి డబ్బు లెక్కగట్టిన 1923 నాటి నష్టపరిహార చట్టం పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం సంపాదన శక్తి పోయినట్టు లెక్క ఉండేది. పరిహారం డబ్బు రావాల్సిందే, వదులుకోకూడదు. కానీ బొటనవేలు కంసాలిదా, హమాలీదా అన్నది ఆ పట్టిక అడగలేదు. థెరపిస్టు మొదట అడిగేదే అది: నువ్వేం పని చేసేవాడివి? రోజంతా కూర్చునా, నిలబడా? ఎంత బరువెత్తేవాడివి? ఆ జవాబుల్లోంచే వైద్యం పుడుతుంది. మిల్లు బెల్టులో నలిగిన చేతికి పిండి పిసకడం, బట్టల క్లిప్పులు నొక్కడం, ఆపైన అసలు పనిముట్టు. నడుం పడిపోయినవాడికి ముందు రెండు చేతుల మీద ఒళ్లు పైకెత్తడం నేర్పుతారు, పుండ్లు పడకుండా. ఆపైన మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి పనిబల్లకు. రాడ్ల పని తెలిసినవాడు స్తంభాలకు రింగులు కూర్చునే వంచగలడు. బల్ల ఎత్తు సరిచూడాలి, ఇనుము చేతికందేలా పెట్టాలి. గంటతో మొదలుపెట్టి పూట పనిదాకా పెంచాలి. ఒక్కరోజులో పాత కూలి చేయించబోతే మళ్లీ మంచమే.

పిడికిలి బిగియనివాడికి ఇంట్లోనే ఒక సాయం చేయవచ్చు. గాయం పూర్తిగా మానిందని, పట్టు పెంచమని థెరపిస్టు చెప్పాక, అటక మీది గోనెసంచి దించండి. తాపీ పిడికి పాత సైకిలు ట్యూబు నాలుగు చుట్లు చుట్టండి. లావు పిడిని బలం తగ్గిన వేళ్లు కూడా పట్టుకోగలవు. మొదటి రోజు తడి ఇసుక మీద తాపీ ఆడిస్తే చాలు.